మూడుసార్లు పిలిచాక

మా వైపు ఆడమనిషి పరుగెత్తితే రెండే కారణాలు. బస్సు కదిలి పోతూ ఉండాలి, లేదా ఆవు పలుపు తెంచుకుని ఉండాలి. ఈ రెండూ లేకుండా ముప్పై దాటిన ఆడది, అందులోనూ సచివాలయంలో ఉద్యోగం చేసేది, ఊరికే పరుగెత్తుతోందంటే దానికేదో పట్టిందన్నమాట. పెళ్ళయి పుంగనూరు వచ్చిన మొదటి నెలలోనే ఈ సంగతి నాకు బోధపడింది. పొద్దున్నే మదనపల్లె రోడ్డు మీద పరుగెత్తుతుంటే పాలాయన మోపెడ్ ఆపి, ఎవరికేమైందమ్మా, ఆసుపత్రికి పోవాలా, ఎక్కు అన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి పంపించాను. సాయంత్రానికి ఆ వార్త మా అత్త చెవిన పడింది.

పరుగు నాకు కొత్త కాదు. సోమల దగ్గర మా పుట్టిల్లు కొండ కిందే ఉంటుంది. గొర్రెలూ మేకలూ పెంచే ఇల్లు. మా మాటలో వాటిని జీవాలంటారు. తప్పిపోయిన మేకపిల్ల కోసం కొండంతా పరుగులు పెట్టడమే నా చిన్నతనం. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ వెనక గుట్టల్లో పరుగెత్తేదాన్ని. ఏనుగులు దిగాయన్న రోజు వార్డెన్ గేటుకు తాళం వేసేది, ఆ రోజు మాత్రం వరండాలోనే అటూ ఇటూ తిరిగి ఊరుకునేదాన్ని. తారురోడ్డు మీద పరుగు నాకెప్పుడూ రుచించలేదు. కొండదారిలో కాలు ఎక్కడ పడాలో కన్ను ముందే చూసుకోవాలి. గరుసు మీద మడమ ఆనిస్తే జారుతుంది, రాతి మీద తడబడితే మోకాలు పోతుంది, తల ఎత్తకపోతే కంపముల్లు చెంప గీరుతుంది. అంతసేపూ మనసుకు ఇంకో పని పెట్టుకునే తీరిక ఉండదు. ఇల్లు ఉండదు, ఆఫీసు ఉండదు. నాకు కావలసింది అదే.

పెళ్ళయిన నాలుగో ఏట నెల తప్పాను. మూడో నెలలో పోయింది. అంతకు ముందు వారం ఒక రోజు పరుగెత్తి ఉన్నాను. మదనపల్లెలో చూపించుకుంటే డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది, పరుగుకూ దీనికీ సంబంధం లేదని, మొదటి నెలల్లో చాలామందికి ఇలా అవుతుందని. పాలడెయిరీలో పనిచేసే మా ఆయన అక్కడ బుద్ధిగా తలాడించాడు. ఆటో ఎక్కాక మాత్రం, "ఆయమ్మ అట్లే సెప్తాది లే" అన్నాడు. ఆ ఒక్క మాటతో డాక్టరమ్మ చదువంతా గంగలో కలిసింది. నాకు ఏడుపు కూడా కోపంగానే వచ్చింది. పోయింది నా కడుపులోంచి. సంజాయిషీ చెప్పుకోవలసింది కూడా నేనేనా?

మా అత్త చెడ్డ మనిషేం కాదు. నాకు జ్వరమొస్తే రాగిజావ కాచి పక్కన కూర్చుని తాగించే మనిషి. కానీ భయపడితే ఆమెను పట్టడం కష్టం. నెల తిరక్కముందే మా అమ్మనూ మా అన్ననూ పిలిపించి, గంగమ్మ రాయి ముందు నా చేత కర్పూరం ఆర్పించింది. మాట తప్పనని చెప్పేటప్పుడు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పడం మా వాళ్ళ పద్ధతి. బిడ్డను ఎత్తుకునేదాకా పరుగెత్తనని ఆర్పాను. మా అన్న సాక్షి. నా బూట్లు ఆ రోజే వాడు పట్టుకుపోయాడు, కళ్ళెదుట ఉంటే మనసు లాగుతుందని.

ఆ తర్వాత మళ్ళీ నెల తప్పలేదు. ఏళ్ళు గడిచాయి. బిడ్డను ఎత్తుకునేదాకా అన్న మాట చూడటానికి చిన్నదే, అందులోంచి బయటికి దారి లేదు. బిడ్డ లేదు గనుక పరుగు లేదు, పరుగు లేదు గనుక నేను వంటింటికీ కంప్యూటరుకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రాత్రిపూట కాళ్ళు వాటంతటవే కదిలేవి. మా ఆయన నరాల బలహీనత అనుకుని మాత్రలు తెచ్చాడు.

చివరికి దొంగదాన్నయ్యాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నూనె రాయాలి అని చెప్పి ఆదివారం ఆదివారం పుట్టింటికి బస్సెక్కేదాన్ని. మదనపల్లెలో కొత్త బూట్లు కొని, యూరియా సంచిలో చుట్టి, కొండదారి మొదట్లో ఒక బండ సందులో దాచాను. అమ్మకు నూనె రాసి, సీకాయ ఏరుకొస్తానని బయల్దేరి, చున్నీ నడుముకు కట్టి, బూట్లు తొడుక్కుని, కొండెక్కి, చెమట ఆరేదాకా నీడన కూర్చుని దిగేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడలేదనుకునేదాన్ని. ఒకసారి అమ్మ నా ఖాళీ సంచి వంక చూసి, "సీకాయ దొరకలేదు గానీ దుమ్ము బలే దొరికిండాదే" అంది. నేను మాట మార్చాను. ఆమె మళ్ళీ ఎత్తలేదు.

అన్నకు మాత్రం తెలియకూడదు. సాక్షి వాడు. మాట పోతే మా అత్త ముందు వాడి తల వంగుతుంది. వాడికి తెలిస్తే ఈ ఆదివారాలు కూడా పోతాయి. నాకు మిగిలిన గాలి ఆ కాస్తే.

ఇక్కడ కొండ నిప్పు సంగతి చెప్పాలి. మా నాన్న ఉన్న రోజుల్లో, శివరాత్రి వెళ్ళాక, ఎండిన బోదగడ్డికి నిప్పు పెట్టేవాళ్ళు. ముదురు గడ్డి కాలిపోతే తొలివానకు లేత కసువు వస్తుంది, జీవాలు ఒళ్ళు చేస్తాయి. నిప్పు పెట్టే ముందు నాన్న కొండ మొదట్లో నిలబడి, చెవి పక్కన చెయ్యి పెట్టుకుని మూడుసార్లు కేకేసేవాడు, కొండలో ఎవరైనా ఉంటే పలకండి అని. కట్టెలకు పోయినవాళ్ళు ఉంటారు, తేనెకు పోయినవాళ్ళు ఉంటారు. పిలుపుకూ పిలుపుకూ మధ్య చుట్ట సగం కాల్చేంతసేపు ఆగేవాడు. ఎవరైనా పలికితే దిగి వచ్చేదాకా అగ్గిపుల్ల గీసేవాడు కాదు. ఒకసారి నేను మేకపిల్లతో పైన ఉండి పలికాను. నేను దిగేసరికి పొద్దు గూకింది. నాన్న తిట్టకుండా నిప్పును మర్నాటికి వాయిదా వేశాడు.

తర్వాత ఫారెస్టోళ్ళు కేసులు పెట్టడం మొదలెట్టారు. ఊళ్ళో పిల్లలు కంపెనీల్లో కుదురుకుని జీవాలు అమ్ముకున్నారు. కొండ కాల్చడం పోయింది, పిలవడమూ పోయింది. మంద ఉంచుకున్నది మా అన్న ఒక్కడే. కాలేజీ బస్సు తోలే ఉద్యోగం చెయ్యమంటే కొన్నాళ్ళు చేసి, గొర్రెలు హారన్ కొట్టవు, అదే నయం అని వచ్చేశాడు. నేను బూట్లు దాచిన ఆ ఏడు వానలు సరిగా లేక కొండంతా ముదురు బోద. గొర్రెలు నోరు పెట్టి వదిలేస్తున్నాయి. ఈనిన గొర్రెకు పాలు రాక పిల్లలు చచ్చిపోతున్నాయని అమ్మ చెబుతుంటే విన్నాను, అయ్యో అన్నాను, నూనె రాశాను. నా ధ్యాసంతా బండ సందులో ఉంది.

శివరాత్రి వెళ్ళాక ఒక ఆదివారం పొద్దు పడమటికి వాలుతుండగా కొండెక్కాను. దారి మొదట్లో తంగేడు, తర్వాత నిలువెత్తు బోద, అందులో ఒక్క మనిషి పట్టే సన్నని దారి. గడ్డి రెండు భుజాలకూ ఒరుసుకుంటుంది. ఊపిరి కుదురుకుంది, కాళ్ళకు పట్టు దొరికింది. సగం కొండ ఎక్కి మోదుగ చెట్ల మలుపు తిరిగానో లేదో, కింది నుంచి కేక వినబడింది.

మా అన్న గొంతు. మా నాన్న గొంతే వాడిది, కొండకు తగిలి తిరిగొచ్చే గొంతు. అంత ఎత్తుకు మాటలు తెలియవు, గొంతు మాత్రమే వస్తుంది. అమ్మ చెప్పేసిందనుకున్నాను. మా అత్తే ఫోన్ చేసిందనుకున్నాను. ఎక్కడికి పోయింది, సీకాయకు ఇంతసేపా అని అడిగి ఉంటారు, వీడు వెతుక్కుంటూ వచ్చాడు అనుకున్నాను. పక్కనున్న రాతిగుండు వెనక్కి దూరి, మోకాళ్ళు కౌగిలించుకుని ముడుచుకు కూర్చున్నాను.

కాసేపాగి రెండో కేక. పలకను పో, అనుకున్నాను. ఏం పిలుపులయ్యా ఇవి! ఇంట్లో పిలుపే, ఆఫీసులో పిలుపే, కొండెక్కినా పిలుపేనా? ఈ ఒక్క పూటైనా నేను ఎవరికీ దొరకను, గొంతు నొప్పెట్టేదాకా పిలుచుకో అనుకున్నాను. మూడో కేక ఇంకాస్త పొడుగ్గా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను. తర్వాత నిశ్శబ్దం. వెళ్ళిపోయాడు, గెలిచాను అనుకున్నాను. నిజంగా నవ్వుకున్నాను కూడా.

చూడండి, మూడు కేకలూ విన్నాను. మధ్యలో ఆ విరామమూ విన్నాను. చిన్నప్పటి నుంచీ తెలిసిన పిలుపు. అయినా నాకు నాన్న గుర్తు రాలేదు, అత్త గుర్తొచ్చింది. ఎవరైనా పిలిస్తే ఇంటికి లాక్కుపోవడానికే అని అంతగా తలకెక్కి ఉంది.

లేచి చున్నీ బిగించుకుంటుంటే కాలిన వాసన తగిలింది. ఆ తర్వాత చప్పుడు. బోద మండితే మామూలు మంటలా ఉండదు, ఎండిన కంది కట్టెలు ఎవరో మోకాలి మీద విరుస్తున్నట్టు పటపటా పగులుతుంది. మలుపు దగ్గరికి వచ్చి చూస్తే నేనెక్కి వచ్చిన దారి లేదు. కింద కొండ వెడల్పునా పొగ, పొగ అడుగున ఎర్రగా గీత, ఆ గీత పైకి నడిచి వస్తోంది. అప్పుడు తెలిసింది ఆ పిలుపులు ఏమిటో.

ముందు చేసింది బుద్ధిలేని పని. పైకి పరుగెత్తాను. ఇన్నాళ్ళ పరుగు ఇప్పుడు గాక ఎప్పుడు పనికొస్తుంది అనిపించింది. కొండ మీద మంట కిందికంటే పైకే తొందరగా పాకుతుందని మేకల కాపరి కూతురికి ఒకరు చెప్పాలా? కాస్త దూరం పోయేసరికి ఎడమ చేతివైపు బోదలోకి అప్పుడే నిప్పురవ్వలు రాలి పొగ లేస్తోంది. కుడివైపు వెదురు లోయ, అందులోకి దిగితే బయటికి రావడం ఉండదు. ఆగాను. నాన్న మాట అప్పుడొచ్చింది నోట్లోకి: మంట కన్నా ముందు పోవాలనుకోవద్దు, మంటకు తిండి లేని చోట కూర్చో. దారికి పైన వాలుగా పరుపుబండ ఉంది, గడ్డిపోచ మొలవని బండ. నడుమ చిన్న దోన, వాననీళ్ళు నిలిచే గుంట. మేకలు ఎండాకాలం కూడా అక్కడికే ఎక్కేవి. చేతులూ మోకాళ్ళూ గీరుకుంటూ పాకి ఎక్కాను. దోనలో పచ్చగా అడుగంటిన నీళ్ళున్నాయి. చున్నీ తడిపి ముక్కుకూ నెత్తికీ చుట్టుకుని బోర్లా పడుకున్నాను.

పరుగు కోసం ఇంత దొంగతనం చేసినదాన్ని, కదలకుండా ఉంటేనే బతికే చోట పడ్డాను. మంట నా చుట్టూ రెండు పాయలై పోయింది. బండ వేడెక్కింది, వీపు మీద చొక్కా పొయ్యి పక్కన ఆరేసిన బట్టలా అయింది. పొగకు దగ్గి దగ్గి పేగులు నోట్లోకి వచ్చాయి. అన్నా అని అరిచాను. ఆ పటపటల్లో నా గొంతు నాకే వినబడలేదు. ఆ సమయంలో దేవుణ్ణి తలుచుకుని ఉంటానని మీరనుకోవచ్చు. నేను పుంగనూరు బస్సును తలుచుకున్నాను. ఆఖరి బస్సు పోతే అత్తకేం చెప్పాలి అని. తర్వాత కర్పూరం గుర్తొచ్చింది, అరచేతి కింద ఆరిన ఆ చిన్న మంట. ఆర్పిన మాట మీద నిలబడలేదు గనుక మళ్ళీ వెలిగింది అంటుంది మా అత్త. ఇక్కడ నేను కాలిపోయినా ఆ మాటే నిజమైపోతుంది, ఊరంతా అదే చెప్పుకుంటుంది. దానికి మాత్రం నాకు ఒళ్ళు మండింది. చావకూడదు అని గట్టిగా అనుకున్నది అప్పుడే.

మంట కొండ నెత్తినున్న కొసకొండ దాటాక కూడా చాలాసేపు దిగలేకపోయాను. కింద బూడిదలో మొద్దులు ఇంకా కణకణలాడుతున్నాయి. పొగ పలచబడ్డాక మా అన్న కనబడ్డాడు, అంగుష్ఠమాత్రంగా. పచ్చి కొమ్మతో పొలాల గట్టు వైపు నిప్పు పోకుండా కొడుతున్నాడు. శ్రద్ధగా చేస్తున్నాడు. మూడుసార్లు పిలిచి, పలుకు లేదని తెలుసుకుని, పద్ధతిగా అంటించినవాడు.

పొద్దు గూకే వేళకు దిగాను. బూట్ల అడుగులు మెత్తబడి బూడిద అంటుకుంటోంది. దారి నల్లగా ఉంది, ఎక్కడ చూసినా దారే, గడ్డి లేదు కదా. అన్న నన్ను చూసి ముందు ఎవరో అనుకున్నాడు, కొమ్మ ఎత్తిపట్టుకునే నిలబడ్డాడు. దగ్గరికొచ్చాక నా ముఖం కాదు, కాళ్ళవైపు చూశాడు. బూట్లు చూశాడు. ఆ తర్వాత కొండవైపు చూశాడు. చేతిలో కొమ్మ జారిపోయింది, ఉన్నచోటే కూలబడ్డాడు.

కూర్చున్నచోటి నుంచే అడిగాడు.

"మూడుసార్లు పిలిస్తి గదా పాపా. యాల పలకలా?"

"నన్ను ఇంటికి పిలస్తాండావనుకుంటి."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. కర్పూరం సంగతి ఎత్తి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉందును, దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు అలా ఏడవడం చూడలేదు నేను. నాకు జాలేసింది, జాలి వెనకే మళ్ళీ కోపం వచ్చింది. కాలబోయింది నేనైతే ఓదార్చవలసింది కూడా నేనేనాయె.

బోరు దగ్గర నా కాళ్ళూ ముఖమూ వాడే కడిగాడు. బండి మీద పుంగనూరు తీసుకొచ్చాడు. జీవాల దొడ్డికి నిప్పంటుకుందని, నేనే ముందు చూసి ఆర్పానని మా అత్తకు చెప్పాడు. జీవితంలో వాడు అబద్ధం చెప్పగా వినడం అదే మొదలు, తడుముకోకుండా చెప్పాడు. మా అత్త నా కమిలిన చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుట్టింటి జీవాల కోసం ఇంత చేసిన పిల్ల రేపు బిడ్డ కోసం ఎంత చెయ్యదు అని మా ఆయనతో అంది. కర్పూరం వెలిగించి దిష్టి తీసింది. ఈసారి ఆర్పమనలేదు. ఆ వాసనకు నేను బయటికి పోయి కక్కుకున్నాను. దానికి వాళ్ళు ఇంకో అర్థం తీసి నెలంతా ఎదురుచూశారు.

వాడు అడవికి నిప్పు పెట్టిన సంగతి నేను చెప్పలేను, జైల్లో పడతాడు. నేను పరుగెత్తిన సంగతి వాడు చెప్పలేడు, సాక్షి తలకాయ పోతుంది. ఇద్దరి నోళ్ళకూ ఒకటే తాళం. మరుసటి ఆదివారం నేను పుట్టింటికి పోతే గుమ్మం పక్కన రెండు జతల బూట్లున్నాయి. ఎప్పుడో పట్టుకుపోయిన పాతవి ఒకటి, అడుగులు కరిగినవి ఒకటి. పాతవి శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఉన్నాయి. అన్న నాకేసి చూడకుండానే, ఈ పొద్దు జీవాల్ని కొండ మొదట్లోనే మేపుతాను అన్నాడు.

అప్పటి నుంచీ అదే ఏర్పాటు. నేను ఎక్కుతాను, వాడు కింద ఉంటాడు. ఉండుండి కేకేస్తాడు. నేను పలకాలి. పలికితే మళ్ళీ చుట్ట సగం కాలేంతసేపు ఊరుకుంటాడు, ఆ తర్వాత మళ్ళీ కేక. వానలు పడ్డాక కాలిన మేరంతా లేత కసువు లేచింది. గొర్రెలు ఒళ్ళు చేశాయి. నేనూ దాచుకోకుండా పరుగెత్తుతున్నాను, చూసేవాళ్ళకు అన్నాచెల్లెళ్ళు మంద మేపుకుంటున్నట్టే ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి? అమ్మ కూడా అదే అంటుంది.

కానీ పరుపుబండ దాటాక దారి కొసకొండ మీద నుంచి అటువైపు దిగుతుంది. అక్కడ మనిషి అలికిడి ఉండదు, ఈత చెట్ల నీడలో దారి మెత్తగా పోతూ ఉంటుంది. దొంగతనంగా వచ్చిన రోజుల్లో నేను అక్కడిదాకా పోయేదాన్ని. అటు దిగితే అన్న గొంతు రాదు.

పోయిన ఆదివారం కొస మీద నిలబడ్డాను. కాళ్ళు బాగా ఉన్నాయి, ఊపిరి ఉంది, చల్లగాలి. కింది నుంచి కేక వచ్చింది. పలకలేదు. ఊరికే, ఒక్కసారి, అటువైపు నాలుగడుగులు వేసి చూద్దామని. ఒక మడమ అటువైపు దిగింది కూడా. రెండో కేక వచ్చింది. పెద్ద మనిషి, నెరిసిన మీసాలవాడు, వాడి గొంతు మధ్యలో పగిలిపోయింది. కింద గొర్రెల గంటలు చెదిరిపోయాయి, వాడు మందను వదిలేసి కొండెక్కడం మొదలుపెట్టాడు.

"ఉండానన్నా, ఈడనే ఉండాను" అని అరిచాను. మూడోసారి వాడిని పిలవనివ్వలేను. కాలు వెనక్కి తీసుకుని దిగడం మొదలుపెట్టాను.